మంచుపేటికలో నమరత్వము: ఒక గ్రంథవిమర్శ

కొన్ని గ్రంథములు చదివినవారి మూలమున వ్యాపించును. కొన్ని చదువనివారి మూలమున వ్యాపించును. రెండవ తెగకు జెందినది రాబర్టు ఎటింజరు ఆంగ్లమున రచించిన "ది ప్రాస్పెక్ట్ ఆఫ్ ఇమ్మార్టాలిటీ." "అమరత్వమునకు గల యవకాశము" అని దీని పేరు తెనుగు చేయవచ్చును. గ్రంథకర్త 1962లో దీనిని సొంత సొమ్ముతో అచ్చొత్తించుకొనెను. 1964లో డబుల్‌డే సంస్థవారు ప్రకటించిన పిదప నిది లోకమునకు దెలిసినది. మన తెలుగు గృహములలో దీనిని చదివినవారు మిక్కిలి యరుదు. అయినను దీని తర్కము మాత్రము మన గడపలు దాటి వచ్చినది. నిండు చూలాలి యొద్దకు వచ్చి, పుట్టబోవు బిడ్డ బొడ్డుత్రాటి నెత్తురును శీతలకోశమున దాచుకొమ్మని చెప్పు వ్యాపారి పలుకునది యీ తర్కమే. ఇప్పుడు దాచుకొనుము, ఉపయోగము రేపు తెలియునని యాతని బోధ. కావున మూలగ్రంథమును శాంతముగా విచారించుట గృహస్థులకు నిష్ప్రయోజనము కాదు.

గ్రంథకర్త 1918లో అమెరికాలో జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధమున జర్మనీలో తీవ్రముగా గాయపడి, యేండ్ల తరబడి ఆసుపత్రిలో నుండి, ఎముక నతికెడి శస్త్రచికిత్స వలన కాళ్లు నిలుపుకొన్నవాడు. పిదప మిషిగన్ రాష్ట్రమున భౌతిక గణితశాస్త్రములు బోధించెను. వైద్యము తన కండ్లయెదుట అసాధ్యమును సాధ్యము చేసినదిగదా, రేపు మఱియెంత చేయునో యను విశ్వాసము ఆయన ప్రతివాక్యమునందును గనబడును. కప్పల వీర్యకణములను గ్లిసరిను సాయమున చలియందు బ్రతికించిన ఫ్రెంచి జీవశాస్త్రవేత్త ఝా రోస్తా యీ గ్రంథమునకు పీఠిక వ్రాసెను. కావున నిది వట్టి పిచ్చివాని ప్రలాపమని త్రోసివేయరాదు.

గ్రంథవాదము సంగ్రహముగా నిట్లున్నది. మరణము ఒక్క క్షణమున ముగియునది కాదు, క్రమముగా జరుగునది. గుండె యాగినవాడు పూర్వము మృతుడే. నేడు వైద్యుడు వానిని మరల లేపుచున్నాడు. కనుక నేడు మృతుడనబడువాడు రేపటి వైద్యునికి రోగి కావచ్చును. దేహమును ద్రవ నత్రజనిలో, అనగా సున్నకు దిగువ 196 డిగ్రీల చలిలో నుంచినచో శైథిల్యము నిలిచిపోవును. గడ్డకట్టుట వలన గలిగిన హానిని భావికాలపు వైద్యుడే సరిచేయును. ఖర్చును జీవితబీమా భరించును. ఇక నీతి మాటయందురా, తాము భవిష్యత్తున మరల బ్రతుకబోవుదుమని నమ్మిన జనులు భవిష్యత్తునెడ నెక్కువ బాధ్యతతో నడచుకొందురని యాయన యాశ.

ఇందు మొదటి మెట్టు గట్టిదే. చలి పెరిగినకొలది రసాయన వ్యాపారములు మందగించును. ద్రవ నత్రజని చలిలో అవి దాదాపు నిలిచిపోవును. చలికంటె ప్రమాదకరమైనది మంచుపలుకు. కణములలోని నీరు గడ్డకట్టి, వాని పొరలను చీల్చును. ఆ బాధను తప్పించు నుపాయమును 1949లో ఇంగ్లండున పోల్జ్, స్మిత్, పార్క్స్ అను శాస్త్రజ్ఞులు కోడిపుంజు వీర్యమున గ్లిసరిను కలిపి నిరూపించిరి. నాలుగేండ్లకే, 1953లో, గడ్డకట్టించి దాచిన వీర్యము వలన అమెరికాలో స్త్రీలు గర్భము దాల్చిరి.

మన దేశపు చరిత్రయు నిచట స్మరింపదగినది. 1978 అక్టోబరు 3వ తేదీన కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయుని కృషిచే నొక యాడుబిడ్డ పుట్టినది. పరీక్షనాళికలో నేర్పడిన పిండమును ఆయన 53 దినములు గడ్డకట్టించి యుంచి, పిదప తల్లి గర్భమున నిలిపెను. ప్రభుత్వము నియమించిన సంఘమువారు నమ్మలేదు. తోడి వైద్యులు హేళన చేసిరి. 1981లో ఆయన తన ప్రాణము తానే తీసికొనెను. 1997లో డాక్టరు టి.సి. ఆనందకుమారు ఆయన వ్రాతలను పరిశీలించి, ఆ కృషి సత్యమని లోకమునకు జాటెను. క్రొత్తదనమును క్రొత్తదనినంత మాత్రమున నవ్విన సంఘమున కిది తీరని కళంకము. ఎటింజరును విమర్శించువాడు ఈ కథను మఱవరాదు.

మఱవకున్నను ఇరువురకు గల భేదము స్పష్టము. ముఖోపాధ్యాయుడు ఏడ్చుచున్న బిడ్డను చూపెను. ఎటింజరు ఆశను మాత్రము చూపెను. కొలది కణముల పిండమునందు గ్లిసరిను వంటి ద్రవ్యము సమముగా వ్యాపించును. మనుష్యదేహమున నట్లు కాదు. ఒక భాగము ముందుగా, మఱియొక భాగము వెనుకగా చల్లబడును. ద్రవ్యము కొన్ని తావులకు చేరనే చేరదు. మిక్కుటమైన చలిలో అవయవములు పగుళ్లు వాఱును. 2023లో మినెసోటా విశ్వవిద్యాలయమువారు ఎలుక మూత్రపిండమును 100 దినములవఱకు గాజువలె గట్టిపఱచి యుంచి, మరల వెచ్చచేసి, వేఱొక యెలుకకు అమర్చి పనిచేయించిరి. ఇది గొప్ప విజయమే. కాని గ్రంథము వెలువడిన యఱువదియేండ్లకు మనము చేరినది ఎలుక మూత్రపిండమువఱకు. సంపూర్ణముగా నిట్లు చల్లబఱచి మరల లేపిన క్షీరదము నేటికి నొక్కటియు లేదు.

భావివైద్యుని గూర్చి యింత వ్రాసిన గ్రంథకర్త కావలివానిని గూర్చి తగినంత చింతింపలేదు. ద్రవ నత్రజని ఆవిరియగుచుండును. ఎవరో యొకరు నింపుచుండవలెను. 1967 జనవరి 12న జేమ్సు బెడ్‌ఫర్డు అను నాచార్యుని దేహము మొట్టమొదట నిట్లు గడ్డకట్టింపబడినది. అది నేటికిని నిలిచియున్నది. కాని కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్తు శ్మశానమున దాచిన మఱికొన్ని దేహములు, డబ్బు చాలక, నత్రజని నింపువారు లేక, కరగి క్రుళ్లిపోయినవి. 1979లో ఆ దుస్థితి బయటపడినది. అమరత్వమునకు నెలసరి బాడుగ తప్పినచో నేమగునో ఆ కుటుంబములకు దెలిసినది. గ్రంథకర్త 1976లో తానే యొక సంస్థను నెలకొల్పి, మరుసటి యేట తన తల్లిని, 2011లో తన 92వ యేట తన్ను, ఆ మంచుపేటికల కప్పగించెను. ఆయన చిత్తశుద్ధిని శంకింపరాదు. ఆ సంస్థ కనీస రుసుము 28,000 డాలర్లు. మన లెక్కలో 20 లక్షల రూపాయలకు పైమాట.

ఈ మాటలను మన వీధిలోనికి దెచ్చి చూతము. హైదరాబాదు పాతనగరమున ధూల్‌పేట యిఱుకు సందులలో చావు సంభవించిన యింటి ముంగిట నేడు గనబడు వస్తువొకటి కలదు. అద్దపు మూతగల ఫ్రీజరు పెట్టె. దానిని అద్దెకు దెచ్చి, షామియానా క్రింద నుంచి, ఇంటి కరెంటునకు తగిలింతురు. పురానాపూల్ శ్మశానవాటిక చేరువనే యున్నను, దూరదేశమునున్న కొడుకో కూతురో వచ్చువఱకు దేహమును నిలుపుదురు. దీనిని చూచి పెద్దలు కొందఱు అపచారమందురు. వారు వాల్మీకి రామాయణమున అయోధ్యాకాండమును మరల చదువవలెను. దశరథుడు గతించిన వేళ కొడుకు లెవ్వరును చెంత లేరు. మంత్రులు రాజదేహమును తైలద్రోణియందుంచి, భరతుని రప్పించి, పిదపనే దహనము చేయించిరి. నూనెతొట్టికిని ఫ్రీజరు పెట్టెకును ప్రయోజన మొక్కటే: బ్రతికియున్నవాని కడచూపు. దీనిని బట్టి మన పూర్వులకు శీతలశాస్త్రమంతయు దెలియునని గర్వించుట మాత్రము మఱియొక వెఱ్ఱి. ఇతిహాసము మనకు నేర్పునది యంత్రవిద్య కాదు, ఔచిత్యము. దాచుటకు గడువు కలదు, ఎదురుచూచువాడు కలడు.

గడువులేక దాచిన దేహముల గతి యేమగునో హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర పురావస్తుశాలలో చూడవచ్చును. అచట నొక ఈజిప్టు మమ్మీ కలదు. నైషు అను రాజకుమారిదని చెప్పుదురు. వయస్సు 2,000 ఏండ్లకు పైబడినది. ఆరవ నిజాము అల్లుడు నజీర్ నవాజ్ జంగు దానిని కొని తేగా, 1930లో ఏడవ నిజాము పురావస్తుశాల కిచ్చెను. ఆమె బంధువులు పరలోకజీవనము కొఱకు ఆమెను బట్టలలో చుట్టిరి. ఆమె వచ్చి చేరినది అద్దాలపెట్టెకు, బడిపిల్లల వేడుకచూపులకు. దేహమును ఎవరికి అప్పగింతుమో వారి నిర్ణయము మన చేతిలో నుండదు. ఎటింజరు గ్రంథమున నీ సంగతికి సమాధానము లేదు. మూడువందల యేండ్ల పిదప వచ్చు జనులు, తమకు చుట్టరికము లేని వేలాది పూర్వులను లేపి, చికిత్స చేసి, కూడుగుడ్డ లిచ్చి యేల పోషింపవలెను? పుట్టనివారిపై వారి యనుమతి లేకయే మోపిన ఋణ మిది.

ఈ ప్రశ్నకు విష్ణుపురాణమునందలి నిమి చక్రవర్తి కథలో నొక యుత్తరము దొరకుచున్నది. వసిష్ఠశాపముచే నిమి దేహము వీడెను. యజ్ఞము ముగియువఱకు ఋత్విక్కులు ఆ దేహమును తైలములతో, సుగంధద్రవ్యములతో చెడకుండ గాపాడిరి. యజ్ఞాంతమున దేవతలు ప్రసన్నులై మరల జీవింపుమనగా, నిమి వలదనెను. దేహమును విడుచుటకంటె దుఃఖము లేదు, ఆ దుఃఖము మరల నాకేల యని, సర్వజనుల నేత్రములయందు నివాసము కోరెను. దాచిన దేహమును మునులు మథింపగా వంశాంకురముగా జనకుడు పుట్టెను. దాచుట వ్యర్థము కాలేదు. దాచబడినవాడు మాత్రము తిరిగి రాలేదు.

ఇట్టి ప్రయోజనముతో దాచు పని ధూల్‌పేటకు కొలది మైళ్లలోనే జరుగుచున్నది. అత్తాపూరున సి.సి.ఎం.బి.వారి లాకోన్స్ ప్రయోగశాల కలదు. డాక్టరు లాల్జీసింగు సంకల్పించిన ఈ సంస్థను 2007లో రాష్ట్రపతి అబ్దుల్ కలాము జాతికి అంకితము చేసెను. అంతరించిపోవు అడవిజంతువుల వీర్యము, అండములు, కణజాలములు అచట ద్రవ నత్రజనిలో భద్రపఱుపబడుచున్నవి. ఏ జంతువును తనకై తాను మరల లేవదు. దాని జాతి నిలుచుట కొఱకే యీ శ్రమ.

తాము మరల బ్రతుకుదుమను నాశ యున్నగాని జనులు భవిష్యత్తును లెక్కచేయరను ఎటింజరు తలపు మనుష్యులను తక్కువ చేయుట. ధూల్‌పేటలో తరతరములుగా వినాయక విగ్రహములు చేయు కుటుంబము లున్నవి. తాము చేసినది పదిదినములలో నీటగలియునని తెలిసియే వారు కనులు దిద్దుదురు. నిలుచునది విగ్రహము కాదు, బిడ్డల చేతికి వచ్చిన పనితనము. కరుగని ప్లాస్టరు విగ్రహములు చెఱువులకు బరువైనప్పుడు 2021లో హైకోర్టు కలుగజేసికొని హుస్సేన్‌సాగరున వాని నిమజ్జనమును నిషేధింపవలసి వచ్చినది. ఆ యొక్క యేటికి సుప్రీంకోర్టు సడలింపు నిచ్చినను ప్రశ్న నిలిచియే యున్నది. కరుగవలసినది కరుగకుండుట యెల్లవేళల భాగ్యము కాదు.

కావున గృహస్థులకు మా మనవి యిది. దేనినైన చలిలో దాచుమని యెవరైన నడిగినప్పుడు రెండు ప్రశ్న లడుగుడు: ఎవరి కొఱకు? ఎంతకాలము? పిండములను, దాతల బీజకణములను పదియేండ్లకు మించి నిలువచేయరాదని 2021 చట్టము గడువు పెట్టినది, అది వివేకము. బిడ్డ బొడ్డుత్రాటి నెత్తురును అదే బిడ్డ భావ్యుపయోగమునకై దాచుటకు శాస్త్రీయాధారము లేదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకములలో స్పష్టముగా జెప్పినది. ఆ సొమ్ము తల్లి యాహారమునకు వెచ్చించుట మేలు. ఇక మరణించిన వారి కన్నుల మాట. ఆఱు గంటలలో తీసిన నల్లగ్రుడ్డు పొరను ఎం.కె. ద్రవమున 4 డిగ్రీల చలిలో నాలుగు దినములు నిలుపవచ్చును. అది మఱియొకరి చీకటిని పోగొట్టును. ఇంటిలో చావు జరిగిన వెంటనే ఱెప్పలు మూసి, తడిదూది యుంచి, ఫ్యాను ఆపి, నేత్రనిధికి కబురు పంపుడు. అటుపిమ్మట ఫ్రీజరు పెట్టెలో నుంచి కొడుకు కొఱకు వేచియుండుట కభ్యంతరమేమియు లేదు. నిమి కోరిన వరము వైద్యుని చేతిలో నేడు సులభసాధ్యమైనది.

ఎటింజరు గ్రంథము మరణమును శాస్త్రదృష్టితో చూడ నేర్పినందుకు చదువదగినది. మరణభయమును శాస్త్రమని నమ్మించినందుకు జాగ్రత్తతో చదువదగినది. చలి మంచి సేవకురాలు. ఆమెను తన యొక్కని కొఱకు శాశ్వతముగా కాపలా యుంచగోరుట యీ గ్రంథమునందలి దోషము. పోయినవారి నుండి యున్నవారికి, ఉన్నవారి నుండి రాబోవువారికి నాలుగు దినములో పదియేండ్లో ప్రాణాంశమును మోసికొనిపోవుట ఆమెకు దగిన పని. ఆ పనికి మన యిండ్ల తలుపులు తెఱచియుంచుదము.