కారో-కాన్ బట్టీ

ఈ వారం నాకు చిరాకు తెప్పించింది ఒక నోట్‌బుక్. మా కింది ఫ్లాట్ కుర్రవాడు చెస్‌లో కారో-కాన్ డిఫెన్స్ నేర్చుకుంటున్నాడు. కోచింగ్‌లో రాయించిన లైన్లు పేజీలకు పేజీలున్నాయి. తెలుపు ఈ4 వేస్తే మనం సీ6, డీ4 వేస్తే డీ5 అంటూ గడగడా అప్పజెప్పాడు. "సీ6 ఎందుకు నాన్నా?" అంటే, "లైన్ అంతే తాతగారూ" అన్నాడు.

బట్టీ మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఎక్కాల నుంచి ఎంసెట్ దాకా పాడిన పాటే. అందుకని వాణ్ని కూర్చోబెట్టి బోత్విన్నిక్ కథ చెప్పాను.

1957లో ఆయన ప్రపంచ కిరీటాన్ని స్మిస్లోవ్ ఎగరేసుకుపోయాడు. మరుసటి ఏడు తిరుగు మ్యాచ్. బోత్విన్నిక్‌కు అప్పటికి 46 ఏళ్లు. నల్లపావులతో ఫ్రెంచ్ డిఫెన్స్ ఆడటానికి ఆయన పెట్టింది పేరు. అలాంటివాడు మొదటి ఆటలోనే దాన్ని పక్కనపెట్టి సీ6 వేశాడు, గెలిచాడు. మూడో ఆటలోనూ అదే ఓపెనింగ్, అదే ఫలితం. కిరీటం తిరిగొచ్చింది.

ఆ ఎంపికలో ఉంది తెలివంతా. రెండు ఓపెనింగుల్లోనూ డీ5 బంటుకు దన్ను కావాలి. ఫ్రెంచ్‌లో ఆ దన్ను ఈ6 నుంచి వస్తుంది. దాంతో మంత్రి పక్క శకటుకు సొంత బంటే అడ్డం. కారో-కాన్‌లో దన్ను సీ6 నుంచి కాబట్టి శకటు ఎఫ్5 మీదుగా బయటపడుతుంది. అయితే ఊరికే రాదు. తెలుపు బంటును ఈ5కి తోసేస్తే, నలుపు ఎప్పటికైనా సీ5తో దాని పునాది కదిలించాలి. ఫ్రెంచ్‌లో ఒక్క ఎత్తులో అయ్యే ఆ పనికి ఇక్కడ రెండు పడతాయి. ఈ బేరం మనసుకు పట్టినవాడు లైన్ మరిచిపోయినా ఆట మరిచిపోడు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ అదే నోట్‌బుక్‌లో ఇంకో పేజీ ఉంది. తెల్ల గుర్రం ఈ4లో ఉంది. నలుపు ఒక గుర్రాన్ని డీ7లో పెట్టింది, రెండోదాన్ని ఎఫ్6కి తేవాలని. తెల్ల మంత్రి ఈ2కి వస్తాడు. చూడ్డానికి మొద్దు ఎత్తు, సొంత శకటుకే అడ్డం. నలుపు అనుకున్నట్టే ఎఫ్6కి గుర్రాన్ని తెస్తుంది. తెల్ల గుర్రం డీ6లో దిగుతుంది. ఆటకట్టు! ఈ7 బంటుతో కొడదామంటే కదల్లేదు. వెనక రాజు, ఎదురుగా తెల్ల మంత్రి. 1950లో పోలండ్‌లో జరిగిన టోర్నమెంట్‌లో పాల్ కేరెస్ ఒక మాస్టర్‌నే ఇలా ఆరో ఎత్తులో కట్టేశాడు.

ఆ మాస్టర్‌కు సూత్రాలు తెలియవా? పావులను బయటికి తీయాలి, నడిమధ్య నిలిచిన గుర్రాన్ని నిలదీయాలి. తెలిసిన ప్రతి సూత్రమూ అక్కడ అదే ఎత్తు వేయమంటుంది. ఎంత బాగా అర్థమైతే అంత నమ్మకంగా ఆ గోతిలో పడతాం. ఇలాంటి చోట్లు ప్రతి ఓపెనింగ్‌లోనూ కొన్ని ఉంటాయి. వాటిని మొదటి ఆట ఆడకముందే, ఎందుకని అడక్కుండానే కంఠస్థం చేయాలి. తెల్ల మంత్రి ఈ2కి వస్తే ఎఫ్6కి రావలసింది డీ7లోని గుర్రమే. అప్పుడు మన మంత్రికి దారి తెరుచుకుంటుంది, డీ6లో దిగిన గుర్రాన్ని కొట్టేయొచ్చు. రెండో గుర్రం ఆగుతుంది.