ఒక్కపొద్దు నాటి మాత్ర

తిరుపతి ఎస్వీ మెడికల్ కాలేజీ 1960లో మొదలైంది. విద్యార్థులను పల్లెలకు పంపడం దానికి కొత్తేం కాదు, చంద్రగిరిలో గ్రామీణ ఆరోగ్య శిక్షణ కేంద్రం ఉండనే ఉంది. కొత్తగా వచ్చిందల్లా 2022లో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన కుటుంబ దత్తత. ఎంబీబీఎస్‌లో చేరిన ఏడాదే ఒక్కొక్కరూ కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, ఆ ఇళ్లకు వెళ్లొస్తుండాలి. మందు పేరు రాయడం రాని పిల్లకాయలు పల్లెలో ఏం చెప్తారని కొందరు నవ్వారు. నాకైతే ఆ రాకపోవడమే నచ్చింది. చీటీ రాయలేనివాడు అడిగి తెలుసుకోవాల్సిందే కదా.

చార్టు పట్టుకుని "అన్నం తగ్గించండి, రాగులు తినండి" అనడం తేలిక. చిత్తూరు పల్లెల్లో ఆ మాటంటే ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తరతరాలుగా తింటున్నది సంగటే! పైగా మన సంగటిలో నూకలూ ఉడుకుతాయి. రాగుల్లో నూరు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, పీచూ ఉంది, నిజమే. పిండిపదార్థంలో మాత్రం బియ్యానికి పెద్దగా తీసిపోవు. షుగరున్న మనిషికి తెలియాల్సింది ముద్ద ఎంత, పక్కన పప్పూ ఆకుకూరా ఎంత అన్నది. అదీ మడికి నీళ్లు కట్టి వచ్చే మనిషికి ఒక లెక్క, గడప దాటని ముసలామెకు ఇంకో లెక్క.

ఈమధ్య ఒక పల్లెలో కోస్తా నుంచి వచ్చిన ఒక విద్యార్థిని కాగితాలు సంచిలో పెట్టేసి అరుగు మీద కూర్చుంది. "శనివారం ఏం తింటావు అవ్వా?" అనడిగింది. అవ్వ అనే పిలుపు ఇక్కడికొచ్చాక నేర్చుకున్నదే.

"శనివారం ఒక్కపొద్దు గదా అమ్మణ్ణీ, పొద్దుగూకేదాకా ఏం తినను."

"మరి షుగరు మాత్ర?"

"మానకూడదని చెప్పినారు గదా. పొద్దున్నే ఏసుకుంటా."

"మధ్యాహ్నానికి ఎలా ఉంటుంది?"

"చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి. సామి కోసం ఆ మాత్రం ఓర్చుకోకుంటే ఎట్లా?"

కొన్ని రకాల షుగరు మాత్రలు మింగి తిండి మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. పెరటాసి నెలలో శనివారాలు ఒక్కపొద్దు పట్టే ఈ సీమలో, శనివారం ఏం తింటావన్న ప్రశ్న నేను చూసిన చార్టుల్లో ఒక్కదానిలోనూ లేదు. ఆ పిల్ల ఒక్కపొద్దు మానమనలేదు, మాత్ర మానమనీ అనలేదు. వణుకు రాగానే బెల్లమో చక్కెరో నోట్లో వేసుకోమంది. మాత్రల అట్ట పట్టుకుని వచ్చే శనివారం లోపే పీహెచ్‌సీ డాక్టరును కలవమంది. ఆశా కార్యకర్తకూ చెప్పింది. కాలేజీ బస్సు వెళ్లిపోయాక ఊళ్లో మిగిలేది ఆవిడే.

పాముకాటు సంగతిలో ఇంత తీరుబడి ఉండదు. కోయకూడదు, నోటితో పీల్చకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు. కాలో చెయ్యో కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. చెనిక్కాయ చేలల్లో తిరిగేవాళ్లకు ఇది కంఠతా రావాలి. అయినా మంత్రం వేసే ఆయన్ని ఎగతాళి చేసి వస్తే మాత్రం చెప్పిందంతా వృథా. ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకుని "ముందు బండెక్కించు తాతా, మంత్రం దార్లో వేద్దువు" అని ఒప్పించగలిగితే సగం పని అయినట్టే.

ఇంకొక్క మాట. పల్లె విజిట్లు ఎప్పుడూ కాలేజీ టైంటేబుల్ ప్రకారమే జరుగుతాయి. బ్యానరు ముందు ఫొటో, లాగ్‌బుక్కులో సంతకం, తిరుగు బస్సు. పెరటాసిలో ఒక్క విజిట్టయినా శనివారం మధ్యాహ్నం, ఒంటిగంటా రెండు ప్రాంతంలో పెట్టమని కమ్యూనిటీ మెడిసిన్ ప్రొఫెసర్లను అడగాలని ఉంది.