యంత్రమును స్వంతము చేసికొను విద్య

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కి మైక్రోసాఫ్టు సంస్థ సాధారణ మద్దతును చాలించుకొనగా, పదకొండవ కూర్పు కోరు టీపీఎమ్ 2.0 భద్రతా చిప్పు మున్నగు హంగులు లేని లాప్‌టాపులు, తెర చెడక, మీటలు అరుగక, నిక్షేపముగా పనిచేయుచున్నను కాలము చెల్లిన వస్తువులైనవి. పల్నాడు జిల్లా క్రోసూరు వంటి మండల కేంద్రమున, మిరప, పత్తి పంటల రాబడి నమ్ముకొని బిడ్డ చదువునకై కొన్న యంత్రమును, అది నడచుచుండగనే మార్చవలెననుట భారమైన మాట. అట్టి యంత్రమును మరికొన్ని యేండ్లు హాయిగా నడిపింపగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు సంప్రదాయము నాలుగు దశాబ్దములుగా లోకమున వర్ధిల్లుచున్నను, మనవారు దానిని చవుకబేరముగా మాత్రమే ఎంచుట నాకు నచ్చదు.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించి, ప్రోగ్రామును వాడుకొనుటకు, దాని లోపలి రచనను చదువుటకు, మార్చుటకు, పరులతో పంచుకొనుటకు ప్రతివానికిని హక్కుండవలెనని వాదించెను. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెలును వెలువరించెను; 1996లో జర్మనీయందు కేడీఈ అను డెస్క్‌టాపు, మరుసటి యేట మెక్సికో యువకుల చేతులమీదుగా గ్నోమ్ అను మరియొకటి ఆరంభమై, నల్లని తెరపై ఆజ్ఞలు వ్రాయువారికే పరిమితమైన విద్యను సామాన్యుని ముంగిటికి తెచ్చినవి. తెలుగునాట 2005లో హైదరాబాదున మొదలైన ‘స్వేచ్ఛ’ సంస్థ ఇంజనీరింగు విద్యార్థులను కూడగట్టి, తెలుగు పలుకు లినక్స్ కూర్పును సిద్ధపరచెను. పూర్వము రైతు తన చేని విత్తనమును మరుసటి యేటికి దాచుకొని, పొరుగువానికిని పెట్టెడివాడు. నేడు హైబ్రిడ్ పత్తి విత్తనమును ఏటేట ప్యాకెట్టుగా కొనవలసినదే. ఈ సాఫ్ట్‌వేరు ఆ దాచుకొను విత్తనపు జాతిది: ఒకరు ఫోను డేటా వెచ్చించి మూడు జీబీల ప్రతిని దింపుకొన్నచో, పదిమందికి పెన్‌డ్రైవులో ఇచ్చుట చట్టసమ్మతము.

లినక్స్ స్థాపన గురించి చెప్పవలసినది కొంచెమే. ప్రతిని పెన్‌డ్రైవుపై వ్రాసి, లాప్‌టాపు మేల్కొనునపుడు ఎఫ్12 గాని, ఆ తయారీదారు నిర్ణయించిన మరియొక మీట గాని నొక్కి, పెన్‌డ్రైవునుండియే వ్యవస్థను నడపి చూడవలెను. డిస్కును తాకకయే వైఫై, ధ్వని, టచ్‌ప్యాడు పనిచేయుచున్నవో లేవో తెలిసిపోవును. పిదప పాత ఫైళ్ళను వేరొకచోట భద్రపరచి, స్వంత ఫైళ్ళుండు ‘హోమ్’ భాగమును ప్రత్యేకముగా విభజించి స్థాపించినచో, రేపు వ్యవస్థను మార్చినను ఫైళ్ళు చెదరవు. డెస్క్‌టాపులలో రెండు జీబీల ర్యామ్ గలవారు ఎల్‌ఎక్స్‌క్యూటీని గాని ఎక్స్‌ఎఫ్‌సీఈని గాని, నాలుగు గలవారు సిన్నమన్‌ను, అంతకు మించినవారు తమకు నచ్చినదానిని ఎన్నుకొనవచ్చును. గాజువంటి కిటికీలకై, గిరగిర తిరుగు బొమ్మలకై కుర్రకారు పడు తాపత్రయమును చూచి నవ్వుకొందును గాని, ఆ తాపత్రయముకంటె హార్డుడిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయించుకొనుట మేలని మాత్రము గట్టిగా చెప్పగలను.

అసలైన శ్రద్ధ తెలుగు అమరికయందు చూపవలెను. టైపు సాధనమగు ఐబస్‌ను, దానికి తోడుగా ఎమ్17ఎన్ సంపుటిని చేర్చుకొన్నచో ఇన్‌స్క్రిప్టు, ఆర్‌టీఎస్, పోతన, యాపిల్ అను పద్ధతులన్నియు ఒక్కచోటనే లభించును. డీటీపీ పనిలో చేయి తిరిగినవారు యాపిల్‌ను, ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయుట మరిగినవారు ఆర్‌టీఎస్‌ను విడువరు. క్రొత్తగా నేర్చువారికి నేను ఇన్‌స్క్రిప్టునే చెప్పుదును, ఏలయన అందు గుణింతపు గుర్తులు ఎడమ చేతికి, హల్లులు పెక్కు కుడి చేతికి వచ్చును. క్రోసూరు అని వ్రాయుటకు కె, డి, జె, ఎ, ఎమ్, టి, జె, జి అను ఎనిమిది మీటలను వరుసగా నొక్కవలెను. అనగా క, పొల్లు, ర, ఓత్వము, స, దీర్ఘపు కొమ్ము, ర, కొమ్ము. యంత్రము దాచుకొనునదియు ఈ ఎనిమిది యూనికోడు సంకేతములనే. తెరపై క్రావడి చుట్టుకొని, తలకట్టు తొలగి, మూడక్షరములుగా కానవచ్చుట హార్ఫ్‌బజ్ అను ప్రోగ్రామును, ఫాంటులోని నియమములును కలిసి చేయు పని. వీనిలో ఏది లోపించినను పొల్లు విడిగా నిలిచి ర పక్కకు జరిగి, చదువరికి విసుగు పుట్టును. తిరుమల కృష్ణ దేశికాచార్యుల పోతన 2000, వేమన 2000 ఫాంటులు డెబియన్ అను లినక్స్ కూర్పు భాండాగారమునందే కలవు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడగు గిడుగు రామమూర్తి పేరిటి ఫాంటులో ఇట్టి గ్రాంథిక వ్యాసము కూర్చుకొను చిలిపి సౌఖ్యము కూడ నాబోటివారికి దక్కినది!

ఇట్లు దిద్దుకొన్న అమరికలు చాలవరకు హోమ్‌లో చుక్కతో మొదలగు పేర్లుగల దాగిన ఫోల్డర్లయందు, పెక్కు సాధారణాక్షరములుగనే నిలిచియుండును. వానిని నకలు తీసికొన్నవాడు రేపు క్రొత్త లాప్‌టాపును గడియలో తన అలవాటునకు తెచ్చుకొనును. ఏ సంస్థ అనుమతియు అడుగనక్కరలేదు.

లోటును దాచను. మెనూల తెలుగు నేటికిని అసంపూర్ణము. కొన్ని మాటలు ఇంగ్లీషుననే మిగిలియుండగా, మరికొన్నింటి అనువాదము నిఘంటువు వాసన కొట్టును. గ్నోమ్ వారి ‘డామ్‌డ్ లైస్’ అను అనువాద వేదికలో ఎవరైనను పేరు నమోదు చేసికొని, తెలుగు బృందమున చేరి ఈ మాటలను సరిచేయవచ్చును. దీనికి ప్రోగ్రాము వ్రాయుట రానక్కరలేదు, తెలుగు బాగుగా వచ్చిన చాలును. కావున బడులలోని తెలుగు ఉపాధ్యాయులు తీరిక వేళ ఒక్కొక్క మెనూనైనను చదివి దిద్దవలెనని కోరుచున్నాను.