మీ ప్రాంతంలో అందుబాటులో లేదు

"ఈ పాట మీ ప్రాంతంలో అందుబాటులో లేదు." ఆన్‌లైన్‌లో పాటల కోసం వెతికినవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు చదివిన వాక్యం ఇది. కథనో కవితనో చదివినంత శ్రద్ధగా దీన్నీ చదవాలనిపిస్తుంది నాకు. ఇందులో పాట ఉంది, ప్రాంతం ఉంది. ఆపిందెవరో మాత్రం లేదు. ఎండాకాలం మంజీరలో నీళ్లు లేవన్నట్టు చెప్తుంది. మాది నిజాంసాగర్ వైపు. కాలవకి నీళ్లు రాకపోతే వాననొక్కదాన్నే అనం, గేటు ఎవరి చేతిలో ఉందో కూడా అడుగుతాం.

ఇక్కడ గేటు హక్కులది. రికార్డింగుల హక్కులు దేశాలవారీగా చేతులు మారతాయి. దుకాణం ఒక్కో దేశానికి విడిగా ఒప్పందాలు చేసుకోవాలి. ఐట్యూన్స్ స్టోర్ అమెరికాలో 2003లో తెరిచారు, ఇండియాకి 2012 డిసెంబర్లో వచ్చింది. స్పాటిఫై స్వీడన్లో 2008లో మొదలైతే మన దగ్గరికి 2019లో వచ్చింది. తీరా వచ్చాక తెలుగు పాటని పెట్టే అరకి పేరు 'రీజినల్'. ముందు ప్రాంతం పేరుతో తలుపేస్తారు, తర్వాత అదే పేరుతో మూలన కూచోబెడతారు.

ఆ ఖాళీ ఏళ్లలో మా వైపు పాటలేం ఆగలేదు. బాన్సువాడలో మొబైల్ షాపుకి పోయి చిప్ ఇస్తే, "ఏం పాటలెక్కియ్యాలె?" అని అడిగేవాళ్లు. పాత సినిమాలు, జానపదాలు, బతుకమ్మ పాటలు, హిందీ, మరాఠీ. అకౌంట్ అక్కర్లేదు, కార్డు అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు. కీప్యాడ్ ఫోను, ట్రాక్టర్ డెక్కు, ఆటో స్పీకరు, చిప్ పట్టే దేంట్లోనైనా మోగేది. అదే ఐట్యూన్స్‌లో ఒక్క పాట కొనాలంటే ఆపిల్ అకౌంటు, ఐఫోనో లేదంటే ఆ సాఫ్ట్‌వేర్ నడిచే కంప్యూటరో, ఆన్‌లైన్లో చెల్లే కార్డు కావాల్సివచ్చేది.

ఇక్కడ చిప్ షాపుని హీరోని చెయ్యడం తేలిక. నేను చెయ్యను. ఆ డబ్బుల్లో ఒక్క రూపాయి కూడా పాడినవాళ్లకి చేరలేదు. సినిమా పాటకి కనీసం సినిమా పేరుంటుంది. జానపదం పాడినామె పేరు చాలాసార్లు ఫైల్లోనే ఉండదు. పెద్ద దుకాణం మన ప్రాంతాన్ని బయట నిలబెడితే, చిప్ మన ప్రాంతపు గొంతుకి పేరు లేకుండా చేసింది.

ఇప్పుడు నెలకింత కడితే అన్నీ దొరుకుతున్నాయిగా అంటారు. దొరుకుతున్నది వినడానికే, ఉంచుకోవడానికి కాదు. స్పాటిఫైలో దించుకున్న పాట ఆ యాప్‌లోనే మోగుతుంది, అదీ 30 రోజులకి ఒకసారైనా నెట్‌లోకి వస్తేనే. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూతపడింది. అందులో కొన్న పాటలు కూడా గడువులోపు వేరేచోటికి మార్చుకున్నవాళ్లకో, ముందే దించి పెట్టుకున్నవాళ్లకో మాత్రమే మిగిలాయి. వింక్ 2024లో ఆగిపోయింది.

అందుకే పాటల దుకాణానికి నా కొలత వేరు. కొన్న పాట ఏ ఫోన్లోనైనా మోగాలి. దుకాణం మూసేశాక కూడా మోగాలి. పాడినామెకి పేరూ డబ్బూ రెండూ చేరాలి. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. ఫ్లిప్‌కార్ట్ 2012లో 'ఫ్లైట్' పేరుతో తాళాల్లేని ఎమ్‌పీత్రీలు అమ్మింది. 2013 జూన్లో మూసేస్తూ పైరసీతో పాటు చెప్పిన కారణం, చిన్న మొత్తాలు కట్టడం కష్టంగా ఉందని. 2016లో యూపీఐ వచ్చింది. ఇవాళ బాన్సువాడలో చాయ్‌కి కూడా స్కాన్ చేసి కడుతున్నాం.

పది రూపాయలు కట్టే దారి ఉంది, కొనేవాళ్లు ఉన్నారు, పాడేవాళ్లు ఉన్నారు. ఇంకా ఆ పాట మన చేతికి రాకపోతే, "అందుబాటులో లేదు" అని కాదు, "ఇవ్వట్లేదు" అని రాయాలి. అప్పుడైనా వాక్యానికి కర్త దొరుకుతాడు.