మోటారుకు రెక్క కట్టే ముందు

అమెరికాలోని మిన్నెసోటాలో వేసవి వచ్చిందంటే సరస్సుల నిండా చిన్న చిన్న అల్యూమినియం పడవలే. పదహారడుగుల పొడవు, వెనక 25 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ మోటారు, గాలం వేయడానికి ఇద్దరు ముగ్గురు మనుషులు. మోటారు పిడి పట్టుకుని నడిపేవాడు వెనక బల్ల మీదే కూర్చుంటాడు. పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ, ఐసు పెట్టె కూడా అతని కాళ్ల దగ్గరే ఉంటాయి. పిడి పూర్తిగా తిప్పగానే పడవ ముందుకు దూకదు. వెనక బరువెక్కువైన ఎడ్లబండి కాడి పైకి లేచినట్టు ముక్కు ఆకాశానికి లేస్తుంది. ఎదురుగా మరో పడవ వస్తోందో, నీళ్లలో ఎవరైనా ఈదుతున్నారో నడిపేవాడికి కనపడదు. ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, పెట్రోలు తాగుతుంది, పడవ మాత్రం తను లేపిన అలనే ఎక్కలేక ఆయాసపడుతుంది. కాసేపటికి గానీ ముక్కు దిగి, పడవ నీటి పైభాగం మీద పరుగందుకోదు. ఒక్కడే ఉన్నప్పుడైతే ఇంకా కష్టం, ముందువైపు బరువే ఉండదు కాబట్టి.

ఈ ఇబ్బందికి మందుగా మార్కెట్లో దొరికేది హైడ్రోఫాయిల్ అనే రెక్క. అమెరికాలో డోయెల్‌ఫిన్, స్టింగ్‌రే, ఎస్ఈ స్పోర్ట్ పేర్లతో గట్టి ప్లాస్టిక్ రెక్కలు దొరుకుతాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ జాలర్లు పెర్మాట్రిమ్ అనే అల్యూమినియం పలకను ఇష్టపడతారు. ఏదైనా బిగించేది ఒకే చోట. మోటారు కాలు నీళ్లలోకి దిగే భాగంలో, ప్రొపెల్లర్‌కు సరిగ్గా పైన, అడ్డంగా ఒక చదునైన పలక ఉంటుంది. నీటి పైనుంచి గాలి ప్రొపెల్లర్‌లోకి చొరబడకుండా ఆపడం దాని పని. గాలి చొరబడితే ప్రొపెల్లర్‌కు నీటి పట్టు తప్పి ఇంజిన్ వట్టిగా తిరుగుతుంది. ఆ పలకకే రెండు వైపులా రెక్కలు తొడుగుతారు.

నీటి రెక్కల ఆలోచన పాతదే. ఇటలీ ఇంజినీరు ఎన్రికో ఫోర్లానినీ 1906లో మజ్జోరే సరస్సు మీద అలాంటి పడవను గంటకు 68 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్, కేసీ బాల్డ్విన్‌తో కలిసి కెనడాలోని నోవాస్కోషియాలో కట్టిన హెచ్‌డీ-4 పడవ 1919 సెప్టెంబరు 9న గంటకు 114 కిలోమీటర్లు అందుకుంది. ఆ పడవల ఒళ్లు మొత్తం నీటి నుంచి పైకి లేచేది. మోటారుకు బిగించే రెక్క అంత పని చేయదు. అది పడవ వెనక భాగాన్ని కొద్దిగా ఎత్తుతుంది, అంతే. కొనేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

వెనక కొద్దిగా ఎత్తితే ముందు ఎందుకు దిగుతుంది? ప్రొపెల్లర్ తోపు పడవ అడుగుకన్నా కిందనుంచి వస్తుంది కాబట్టి అది ముక్కును లేపుతుంది. దానికి తోడు, పడవ వేగం పెరిగేకొద్దీ అది లేపే అల పొడవు పెరుగుతుంది. ఆ అల పడవంత పొడవయ్యేసరికి వెనక భాగం పల్లంలో కూరుకుపోతుంది, ముందు భాగం అల మీద నిలబడుతుంది. పడవ నీటిని చీల్చుకుంటూ తేలిగ్గా వెళ్లగల వేగానికి అదే హద్దు. నీటిని తాకే పొడవు పదహారడుగులుంటే ఆ హద్దు గంటకు సుమారు 10 కిలోమీటర్లు. చదునైన అడుగు, తగిన శక్తి ఉన్న పడవ ఆ అల మీదికెక్కి హద్దు దాటేస్తుంది. రెక్క పనిచేసేది ఈ ఎక్కుడు దగ్గరే. అది పడవ వెనక చెక్కకు కూడా వెనగ్గా ఉంటుంది కాబట్టి కొద్దిపాటి ఎత్తుడే పెద్ద మీటలా పనిచేసి ముక్కును దించుతుంది. సరిపడిన పడవకు తగిలిస్తే పరుగు త్వరగా అందుకుంటుంది, తక్కువ వేగంలో కూడా ఆ పరుగు నిలుస్తుంది. గాలికి సరస్సు రేగినప్పుడు నెమ్మదిగా ఇల్లు చేరాలనుకునే జాలరికి ఇది నిజమైన మేలు, మెచ్చుకోదగ్గది.

ఈ బిగింపులో పనితనం చాలా ఉంది. రెక్కను పలక మీద పెట్టి మధ్యకు సరిచూసి, క్లాంపులతో కదలకుండా పట్టించి, రంధ్రాల చోట్లు గుర్తుపెట్టాలి. కాస్త పక్కకు పోయినా పడవ ఒకవైపు లాగుతుంది. డ్రిల్లు నెమ్మదిగా దించాలి, ఎందుకంటే ఆ పలక పోత పోసిన అల్యూమినియం. అంచుకు దగ్గరగా రంధ్రం పడితే అక్కడినుంచే పగులు మొదలవుతుంది. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి, నట్లు లోపల నైలాన్ వలయం ఉన్నవి వాడాలి, అప్పుడే అదురుకు వదులు కావు. ఉప్పునీటిలో స్టీలు, అల్యూమినియం నేరుగా తాకితే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. అందుకే రంధ్రం లోపలి అంచుకు రంగు పూసి, బోల్టుకు మెరైన్ గ్రీజు పట్టించి గానీ బిగించకూడదు. చాలా మోటార్లకు ఆ పలక అడుగున తుప్పును తన మీదికి లాక్కునే చిన్న లోహపు ముక్క ఉంటుంది. రెక్క దాన్ని కప్పేస్తే మోటారు కాలే తుప్పుకు బలవుతుంది. ఇంత పనీ అయ్యాక, నాలుగు రోజులు తిరిగి వచ్చి బోల్టులన్నీ మరోసారి బిగించాలి. డ్రిల్లు చేయకుండా తగిలించే రకాలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. మోటారు వారంటీ గడువులో ఉంటే అవే నయం. కంపెనీ అనుమతి లేకుండా పలకకు రంధ్రాలు పెడితే ఆ వారంటీ చెల్లకుండా పోవచ్చు.

అసలు డ్రిల్లు చేతిలోకి తీసుకునే ముందు పైసా ఖర్చులేని పనులు కొన్నున్నాయి. పడవను ఒడ్డున నిలబెట్టి, అడుగు మీద ఒక పొడవాటి బద్దను ఆనించి వెనక్కి జరపండి. ఆ బద్ద మోటారు పలకకు సరిగ్గా ఎదురుగా రావాలి, లేదా పలక ఒక అంగుళం అటూ ఇటూ ఉండాలి. మూడు నాలుగంగుళాలు కిందికి ఉందంటే మోటారు మరీ లోతుగా దిగినట్టే. వెనక చెక్క ఎత్తు 15 అంగుళాలైతే పొట్టి కాలు మోటారు, 20 అయితే పొడవు కాలు మోటారు పెట్టాలి. పాత పడవకు చేతికొచ్చిన సెకండ్‌హ్యాండ్ మోటారు తగిలించినప్పుడు ఈ లెక్క తప్పుతుంది. తర్వాత మోటారు వంపు. చిన్న మోటార్లలో వంపును నిర్ణయించేది ఒక చువ్వ, దానికి నాలుగైదు రంధ్రాలు. ఆ చువ్వను ఒక రంధ్రం లోపలికి మారిస్తే చాలాసార్లు ముక్కు దానంతటదే దిగుతుంది. పెట్రోలు ట్యాంకును, బ్యాటరీని ముందుకు జరిపినా అంతే. ఇవన్నీ చేశాక కూడా పడవ ముక్కెత్తుతుంటే రెక్క కొనడం సబబు.

అలా కొనక తప్పని పడవలు కూడా చాలా ఉన్నాయి, అందుకు కారణం ఉంది. పొగ తగ్గించాలని అమెరికా పర్యావరణ సంస్థ 1996లో అవుట్‌బోర్డ్ మోటార్లకు నిబంధనలు తెచ్చింది. 1998 మోడళ్ల నుంచి 2006 దాకా అవి అంచెలంచెలుగా అమలయ్యాయి. పాత రెండు స్ట్రోకుల మోటార్ల స్థానంలోకి ఎక్కువగా నాలుగు స్ట్రోకులవి వచ్చాయి. గాలి శుభ్రపడింది, చప్పుడు తగ్గింది, కానీ అంతే శక్తికి మోటారు బరువు పెరిగింది. తేలికపాటి మోటారు కోసం కట్టిన పాత పడవకు కొత్త మోటారు తగిలిస్తే వెనక భాగం నీళ్లలోకి దిగింది. ఇలాంటి పడవకు రెక్క నిజంగానే ఆసరా.

నష్టాలు కూడా దాచకుండా చెప్పుకోవాలి. పూర్తి వేగంలో రెక్క నీటిలోనే ఈడ్చుకుపోతుంటే గరిష్ఠ వేగం తగ్గుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం, వెనకనుంచి పెద్ద అలలు తరుముతున్నప్పుడు వస్తుంది. రెక్క వెనక భాగాన్ని ఇంకా ఎత్తితే ముక్కు ముందున్న అలలో గుచ్చుకుని పడవ అడ్డం తిరగవచ్చు. అందుకే బిగించాక మొదటి పరీక్ష ప్రశాంతమైన నీటిలో, వేరే మనుషులను ఎక్కించుకోకుండా, కొంచెం కొంచెంగా వేగం పెంచుతూ చేయాలి. మోటారు ఆపే తాడు నడిపేవాడి ఒంటికి తగిలించి ఉండాలి. అమెరికాలో 26 అడుగులలోపు మోటారు పడవల వాళ్లు ఆ తాడు వాడటం 2021 ఏప్రిల్ 1 నుంచి చట్టప్రకారం తప్పనిసరి. మన తీరంలో చట్టం కోసం ఎదురుచూడకుండానే వాడవచ్చు.

మన తీరం మాట వచ్చింది కాబట్టి, ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఒడ్డున వరుసగా కనిపించే ఫైబర్ తెప్పల సంగతి చూడాలి. వాటిలో చాలావాటికి వెనక 9.9 హార్స్‌పవర్ మోటారు. వలలు, ఐసు, నలుగురైదుగురు మనుషులు, తిరుగు ప్రయాణంలో చేపల బరువు. ఫోన్‌లో అమెరికా వీడియోలు చూసిన కుర్రాడికి ఆ రెక్క తన తెప్పకు కూడా తగిలిద్దామని అనిపించడంలో తప్పులేదు. పెట్రోలు ధర చూస్తే ఎవరికైనా అనిపిస్తుంది. లెక్క మాత్రం అందుకు ఒప్పుకోదు. నీటిలో రెక్క ఇచ్చే ఎత్తుడు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 30 కిలోమీటర్ల దగ్గర 45 కిలోలు ఎత్తే రెక్క, 10 కిలోమీటర్ల దగ్గర 5 కిలోలే ఎత్తుతుంది. ఇరవై నాలుగడుగుల తెప్ప చీల్చుకువెళ్లే వేగం హద్దు గంటకు సుమారు 12 కిలోమీటర్లు. నిండు బరువుతో, 9.9 మోటారుతో అది ఆ హద్దు దాటదు. దాటని పడవకు రెక్క ఇచ్చేది నీటి రాపిడి మాత్రమే.

ఇంకో సంగతి, దీన్ని సరస్సు మీద గాలం వేసేవాడు ఆలోచించనక్కర్లేదు. మన వాళ్లది వల వేట. వల లాగేటప్పుడు నైలాన్ దారం మోటారు కాలు చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. అక్కడ రెండు వైపులా రెక్క మూలలు పొడుచుకొచ్చి ఉంటే వల తగులుకుని చిరుగుతుంది. ఒడ్డు చేరేటప్పుడు కెరటాల్లో మోటారు ఎత్తి తెప్పను ఇసుక మీదికి తోస్తారు. ఆ కుదుపులకు రంధ్రాలు పెట్టిన పలక ఎంత కాలం ఆగుతుంది?

ఈ తీరం పడవల ఇంధనం గురించి ఆలోచించినవాళ్లు లేకపోలేదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా మొదలుపెట్టిన బంగాళాఖాతం కార్యక్రమంలో ఓయ్వింద్ గుల్‌బ్రాండ్‌సెన్ అనే పడవల ఇంజినీరు పనిచేశాడు. ఒడ్డుకు నేరుగా చేరే పడవల మీద, చిన్న పడవల ఇంధన ఖర్చు మీద ఆయన రాసినవి ఇప్పటికీ చదవదగ్గవి. 2012లో ఆ సంస్థ ఆయన చేతనే చిన్న చేపల పడవల ఇంధన పొదుపు మీద ఒక కరదీపిక రాయించింది. అందులో అన్నిటికన్నా ముందుండే సలహా వేగం తగ్గించమన్నదే. హద్దుకు దగ్గరయ్యేకొద్దీ కొసరు వేగానికి ఇంజిన్ మింగే శక్తి విపరీతంగా పెరుగుతుంది. ఆ తర్వాత వచ్చేవి అడుగు శుభ్రం, బరువుకు తగిన ప్రొపెల్లర్. వేగంగా పరుగెత్తే తేలిక పడవ కోసం తయారైన ప్రొపెల్లర్‌ను బరువు తెప్పకు తగిలిస్తే అది నీటిని కలియబెడుతుందే గానీ తోయదు. రెక్క మీద పెట్టే డబ్బు ఈ తెప్పలకు సరిపడిన ప్రొపెల్లర్ మీద పెడితే ప్రతి వేటలోనూ తిరిగి వస్తుంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మోటారు పడవల వేట నిషేధం. తెప్పలు ఒడ్డెక్కి, మోటార్లు షెడ్లకు చేరే 61 రోజులవి. ఆ రోజుల్లో మోటారు ఎత్తును బద్దతో చూడండి, వంపు చువ్వ ఏ రంధ్రంలో ఉందో చూడండి, ప్రొపెల్లర్ మీద అచ్చయిన అంకెలు రాసుకుని మెకానిక్‌కు చూపించి మీ తెప్ప బరువు చెప్పండి. ఇక రిజర్వాయర్లలో, బ్యాక్‌వాటర్‌లో తేలిక పడవ మీద పాతిక హార్స్‌పవర్ మోటారుతో తిరిగేవాళ్లు, ఇవన్నీ సరిచూశాక కూడా ముక్కు దిగకపోతే, నిశ్చింతగా రెక్క తగిలించుకోవచ్చు.