కార్లకు సెలవిచ్చే కనుమలు

ఇటలీ ఉత్తరపు అంచున, స్విట్జర్లాండ్ సరిహద్దును ఆనుకుని స్టెల్వియో కనుమ ఉంది. ఎత్తు 2757 మీటర్లు. ప్రాతో అనే ఊరి నుంచి ఎక్కితే సుమారు 24 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, 48 హెయిర్‌పిన్ మలుపులు. ప్రతి మలుపుకీ ఒక నంబరు ఉంటుంది. కింద 48తో మొదలై, పైకి పోయేకొద్దీ అంకె తగ్గుతూ వస్తుంది. వేసవిలో మామూలు రోజున ఈ రోడ్డెక్కిన సైకిలిస్టులకు మంచుకొండల కన్నా వెనకనుంచి దూసుకొచ్చే మోటారుసైకిళ్ల మోతే ఎక్కువ గుర్తుంటుంది.

ఏడాదిలో ఒక్క శనివారం మాత్రం ఆ మోత ఉండదు. ఆగస్టు చివర్లోనో సెప్టెంబరు మొదట్లోనో వచ్చే ఆ రోజు ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా కనుమకు మూడు వైపులా, అంటే ప్రాతో నుంచి, బోర్మియో నుంచి, స్విస్ ఊరు సాంతా మరియా నుంచి వచ్చే దారుల్లో కార్లూ మోటారుసైకిళ్లూ ఆపేస్తారు. దాన్నే స్టెల్వియో బైక్ డే అంటారు. రుసుము లేదు, పేరు నమోదు లేదు. ఎవరు ముందొచ్చారో రాసుకునేవాళ్లూ లేరు. వేల మంది తొక్కుకుంటూ వస్తారు. పదేళ్ల పిల్లల నుంచి తాతల దాకా, కార్బన్ ఫ్రేముల నుంచి ముందు బుట్ట ఉన్న పాత సైకిళ్ల దాకా అన్నీ కనిపిస్తాయి.

ఈ పద్ధతి స్టెల్వియోకే పరిమితం కాలేదు. బోర్మియో చుట్టుపక్కల గావియా, మోర్తిరోలో కనుమలకూ ఇలా కొన్ని రోజులు కేటాయిస్తారు. ఫ్రాన్స్‌లో ఎంపిక చేసిన కనుమలను వేసవిలో కొన్ని ఉదయాలు, ఎక్కువగా తొమ్మిది నుంచి పన్నెండు దాకా, సైకిళ్లకే వదిలేస్తారు. టూర్ డి ఫ్రాన్స్ 1911లో మొదటిసారి ఎక్కిన 2642 మీటర్ల గాలిబియే, బండరాళ్ల ఎడారిలాంటి కాస్ డెసెర్ట్ మీదుగా సాగే ఇజోవార్ అలాంటివే. డోలమైట్స్ పర్వతాల్లోనైతే సెల్లారోండా బైక్ డే ఉంది. సెల్లా పర్వతాన్ని చుట్టి కంపోలోంగో, పోర్దోయ్, సెల్లా, గార్దేనా అనే నాలుగు కనుమల్ని కలుపుతూ దాదాపు 55 కిలోమీటర్ల వలయం అది. అందరినీ ఒకే దిశలో తిరగమంటారు. అలా సాగితే దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు ఎదురుపడరు. చుట్టూ ఉన్న లోయల్లోని జనం మాట్లాడేది లాదిన్ అనే చిన్న భాష. ఇటాలియన్, జర్మన్ బోర్డుల పక్కన ఆ భాషలోనూ ఊరి పేర్లు కనిపిస్తాయి.

సైకిల్‌కు ఈ కొండలు లొంగడం వెనక ఒక పాత లెక్క ఉంది. 1815 తర్వాత లొంబార్డీ ఆస్ట్రియా సామ్రాజ్యం చేతికి వచ్చింది. మిలాన్ వైపు భూముల్ని టిరోల్‌తో కలపడానికి ఒక రోడ్డు కావలసివచ్చింది. ఇంజినీరు కార్లో దోనెగాని 1820లో పని మొదలుపెట్టి 1825కల్లా స్టెల్వియో మీదుగా దారి తీశాడు. ఆ రోజుల్లో దాని మీద నడవాల్సింది గుర్రపు బండ్లు, ఫిరంగి బండ్లు. గుర్రం నిలువెత్తు వాలు లాగలేదు కాబట్టి కొండను అడ్డంగా కోస్తూ మలుపు మీద మలుపు పేర్చాడు. సగటు వాలు ఏడున్నర శాతం దగ్గర నిలిచింది. గుర్రం ఊపిరికి సరిపడేలా వేసిన దారి రెండు శతాబ్దాల తర్వాత మనిషి ఊపిరికీ సరిపోయింది. అలాంటి ఇంజినీరు ఎవరూ చేయిపెట్టని పాత కొండదారి ఎలా ఉంటుందో చూడాలంటే మోర్తిరోలో ఎక్కాలి: పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు దూరం, సగటే పది శాతం దాటుతుంది. అక్కడ చాలామంది దిగి నడిపించుకుంటూ పోతారు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఎక్కడంలో మొదటి విద్య గేరు. సైకిలూ మనిషీ కలిపి ఎనభై కిలోలు అనుకుందాం. ముందు చెయిన్‌వీల్‌కి 34 పళ్లు, వెనక ఫ్రీవీల్‌లో పెద్దదానికీ 34 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టుకు చక్రమూ ఒకే చుట్టు తిరిగి రెండు మీటర్ల పైన జరుగుతుంది. నిమిషానికి డెబ్బై చుట్లు తొక్కితే గంటకు దాదాపు తొమ్మిది కిలోమీటర్ల వేగం వస్తుంది. స్టెల్వియో వాలు మీద దీనికి కావలసిన శక్తి సుమారు 160 వాట్లు. క్రమం తప్పకుండా తొక్కే ఆరోగ్యవంతులు చాలామంది ఇంత ఇవ్వగలరు. కనుమ చేరడానికి రెండుముప్పావు గంటలు పడుతుంది. అదే పాతకాలపు పందెం సైకిల్ మీద ముందు 39, వెనక 25 పళ్లతో అదే లయలో తొక్కాలంటే 250 వాట్లు కావాలి. అది పందెగాళ్ల బలం. మామూలు మనిషి అక్కడ లయను బాగా తగ్గించుకుని, ఒక్కో తొక్కుకీ మోకాలి మీద భారం వేస్తాడు. మర్నాడు మోకాలు చెబుతుంది సంగతి. చిన్న గేరు వేసుకోవడం నామోషీ అనే భ్రమ పందెం సినిమాలు చూసి వచ్చింది. ఇప్పుడు పెద్ద పందెగాళ్లే చిన్న గేర్లు వేసుకుంటున్నారు.

రెండోది తొందరపడకపోవడం. మొదటి అరగంట కాళ్లు తేలికగా ఉంటాయి, చుట్టూ వందల మంది తొక్కుతుంటారు, చల్లటి గాలి. ఆ ఉత్సాహంలో పెట్టిన ఖర్చు ఇరవయ్యో నంబరు మలుపు దగ్గర వసూలవుతుంది. పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత వేగమే సరైన వేగం అన్నది కొండలెక్కేవాళ్లంతా చెప్పే కొలత. పైగా కనుమ ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో 72 శాతం మాత్రమే. కింద సులువుగా వచ్చిన వాట్లు పైన రావు.

ఇక తిండి. ఆ ఎనభై కిలోల్ని 1800 మీటర్లు పైకి మోయడానికి శరీరం దాదాపు పధ్నాలుగు వందల కేలరీలు కరిగిస్తుంది. ఇడ్లీల్లో లెక్కేస్తే పాతికకు తక్కువ కావు. ఆకలి వేశాక తింటే ఆలస్యమైనట్టే. అందుకే గంటకు యాభై అరవై గ్రాముల పిండిపదార్థం కొంచెం కొంచెంగా లోపలికి పోతూ ఉండాలి. అరటిపండైనా, బెల్లం ముక్కైనా ఫర్వాలేదు.

మలుపుల్లో అసలు సొగసు కార్లు లేనప్పుడే తెలుస్తుంది. హెయిర్‌పిన్ లోపలి అంచు దగ్గరిది, కానీ నిటారు. బయటి అంచు దూరం, కానీ వాలు తక్కువ. మామూలు రోజుల్లో కుడివైపు మలుపు వచ్చిందంటే కుడి అంచునే నక్కి, ఆ నిటారు మూలను భరించాలి. రోడ్డు ఖాళీగా ఉన్న రోజు, ఎదురుగా దిగేవాళ్లు లేరని చూసుకుని కాస్త వెడల్పుగా తిరగొచ్చు. దోనెగాని బండ్లు తిరగడానికి చదును చేసిన మలుపుల్లో నాలుగు తొక్కుల విశ్రాంతి దొరుకుతుంది. అలాంటి చోట సీటు మీంచి లేచి నిలబడి తొక్కితే నడుము సేదదీరుతుంది. కొండ ఎక్కువ పొడవున కూర్చునే తొక్కడం మేలు, నిలబడితే గుండె వేగం పెరుగుతుంది.

దిగడం వేరే కళ. కార్లు లేవు కదా అని వదిలేస్తే ప్రమాదం సైకిళ్ల నుంచే వస్తుంది. పైకి వస్తున్న చిన్నపిల్ల, ఫొటో కోసం రోడ్డు మధ్య ఆగిన పెద్దమనిషి, అలసిపోయి వంకరగా పోతున్న కుర్రాడు, వీళ్లంతా అదే రోడ్డు మీద ఉంటారు. అందుకే ప్రాతో వైపు నుంచి ఎక్కినవాళ్లను తిరిగి అదే దారిన దిగవద్దని, ఉంబ్రైల్ కనుమ మీదుగా స్విస్ వైపు దిగి లోయ చుట్టి రమ్మని నిర్వాహకులు సూచిస్తారు. 2501 మీటర్ల ఆ ఉంబ్రైల్ దారికి పూర్తిగా తారు పడింది 2015లోనే.

బ్రేకు వేయాల్సింది మలుపు లోపల కాదు, మలుపుకు ముందు. సైకిల్ వాలకుండా నిటారుగా ఉన్నప్పుడే వేగం దించుకుని, బయటివైపు పెడల్‌ను కిందికి తెచ్చి దాని మీద బరువు మోపి, చూపు మలుపు చివరన నిలిపితే సైకిల్ చూపు వెంటే తిరుగుతుంది. కిలోమీటర్ల కొద్దీ బ్రేకు నొక్కిపట్టి దిగడం కొత్తవాళ్లు చేసే పని. రిమ్ము వేడెక్కి ట్యూబు పేలిన సందర్భాలు ఉన్నాయి. గట్టిగా నొక్కి, వదిలి, మళ్లీ నొక్కితే రిమ్ముకు చల్లబడే సందు దొరుకుతుంది.

చలిని తేలిగ్గా తీసుకునేవాళ్లకు 1988 జూన్ 5 నాటి జిరో డి ఇటాలియా సైకిల్ పందెం కథ చెప్పాలి. ఆ రోజు పందెం 2621 మీటర్ల గావియా మీదుగా బోర్మియోకి. పైన మంచు తుఫాను. అయినా పందెం ఆపలేదు. అమెరికన్ ఆండీ హాంప్‌స్టెన్ జట్టువాళ్లు ఆ పొద్దున దుకాణాలు తిరిగి ఉన్ని టోపీలు, మంచు చేతితొడుగులు కొని ఉంచారు. నెదర్లాండ్స్‌కి చెందిన యోహాన్ వాన్ డెర్ వెల్డె పొట్టిచేతుల చొక్కాతో అందరికన్నా ముందు కనుమ దాటాడు. దిగుడులో గడ్డకట్టిపోయి ముప్పావు గంటకు పైగా వెనకబడ్డాడు. ఆ దశను ఎరిక్ బ్రూకింక్ గెలిచాడు. మొత్తం పందెంలో ముందున్నవాళ్లు తొడిగే గులాబీ జెర్సీ హాంప్‌స్టెన్‌కి దక్కింది, చివరికి ఆ ఏటి జిరో కూడా అతనిదే. వేసవి మధ్యాహ్నం కూడా ప్రాతోకీ కనుమకీ పన్నెండు డిగ్రీల తేడా ఉంటుంది, చెమటతో తడిసిన ఒంటికి గంటకు యాభై కిలోమీటర్ల గాలి తోడవుతుంది. చొక్కా లోపల వార్తాపత్రిక దూర్చుకుని దిగడం పాతతరం పందెగాళ్ల చిట్కా. కాగితం ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది.

ఇంత శ్రమకు కనుమ మూసేయాలా, పందెం పెడితే చాలదా అని అడిగేవాళ్లు ఉన్నారు. పందెమూ ఉంది. 1987 నుంచి జరుగుతున్న మరతోనా డ్లెస్ డోలొమీతెస్‌కి కూడా రోడ్లు మూస్తారు. వేల మంది తొక్కుతారు. అందులో చోటు దొరకాలంటే లాటరీ తగలాలి, రుసుము కట్టాలి, గడువులోపు దాటాలి. గొప్ప ఉత్సవమే అది. కానీ ముప్పై కిలోమీటర్లకే అలసిపోయే మనిషికి అక్కడ చోటు లేదు. రుసుములేని శనివారానికే ఎక్కువ మార్కులు వేయాలి, ఎందుకంటే మామూలు రోజున భయంతో ఆ రోడ్డు వైపు చూడని తల్లి, పిల్లలతో సహా ఆ రోజు వస్తుంది. 1953లో పందెగాడు ఫౌస్తో కొప్పి ఇదే స్టెల్వియో మీద ప్రత్యర్థి హ్యూగో కోబ్లెట్‌ని వెనక్కి నెట్టి జిరో గెలిచిన మలుపుల్లో ఆమె ఆగి మంచినీళ్లు తాగుతుంది. ఫుట్‌బాల్ అభిమానికి ప్రపంచకప్ మైదానంలో ఆడే అవకాశం రాదు, సైకిల్ అభిమానికి వస్తుంది.

ఇబ్బందులు లేవని కాదు. 2017 వేసవిలో సెల్లా కనుమను బుధవారాల్లో పగటిపూట వాహనాలకు మూసినప్పుడు దారిపక్క వ్యాపారులు కొందరు గట్టిగా వ్యతిరేకించారు. పర్యాటకుల కారు ఆగకపోతే వాళ్ల గల్లా నిండదు. ఏడాదికి ఒకటి రెండు రోజులైతే మాత్రం లెక్క తిరగబడుతుంది: వచ్చిన వేల మందికీ ఆకలే.

ఇలాంటిది మనకు సాధ్యమా? రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి ఆరు దాకా పులుల కోసం నల్లమలలో శ్రీశైలం దారి మూయడం మనకు అలవాటే. గంటలు చెప్పి గేటు దించడం కొత్త కాదన్నమాట. తిరుమల ఘాట్‌ను తాకలేం, భక్తుల రద్దీ ఎప్పుడూ తగ్గదు. శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు ఎక్కే ఘాట్ మాత్రం ఇందుకు సరిగ్గా సరిపోతుంది. కాఫీ తోటల మధ్య దారి, పక్కనే కిరండూల్ రైలుమార్గం, వాహనాలకు పాడేరు మీదుగా వేరే దారి. స్టెల్వియోలో రెండు ఇటలీ జిల్లాలూ ఒక స్విస్ రాష్ట్రమూ ఒక మాట మీదికి వస్తున్నాయి; ఇక్కడ విజయనగరం, అల్లూరి సీతారామరాజు జిల్లాలు రెండూ ఒప్పుకుంటే చాలు. పర్యాటకులు ముంచెత్తే డిసెంబరు వద్దు, తారు జారే వానాకాలమూ వద్దు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం, తెల్లవారి ఆరు నుంచి పది దాకా, 108 వాహనానికీ గిరిజన గ్రామాల అవసరాలకూ దారి విడిచి, మిగతా రోడ్డును సైకిళ్లకు ఇచ్చి చూడాలి. రెండు జిల్లాల అధికారులూ పర్యాటక శాఖా ఆలోచించవలసిన విషయం ఇది.