కింది మెట్టు మీద గూడబాతు

చెన్నై మనలిలో దసరా సాయంత్రాలకు రెండు వాసనలు ఉంటాయి. ఒకటి ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి తెచ్చేది. రెండోది తలుపులు తెరిచిన ఇళ్ళలోంచి వచ్చే సుండల్ తాలింపు. 2024 దసరాకు మా వీధిలో ఒక పెద్దమ్మ బొమ్మల కొలువు చూడ్డానికి రమ్మని కబురు పెట్టింది. వాళ్ళ కుటుంబం ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. ఏడు మెట్లు కట్టి, తెల్ల పంచె పరిచి, పై మెట్టున కలశం పెట్టింది. దాని పక్కన ఎర్రచందనం రాజారాణి, కింద దశావతారాలు, ఆ కింద పెళ్ళివారు, ఆ కింద పప్పు ఉప్పు ముందు పోసుకుని కూర్చున్న సెట్టిగారు, ఆయన భార్య.

అన్నిటికంటే కింది మెట్టు మీద పార్కు మాత్రం మనవరాలిది. ఏటా ఆవాలు చల్లి మొలకెత్తించిన పచ్చిక మధ్య అద్దం ముక్క పెట్టి చెరువు అనేది. ఈసారి అద్దం మీద నల్లరంగు పూసింది. ఒడ్డున బంకమట్టితో చేసిన గూడబాతు ఉంది, రెక్కల దాకా నలుపు. పక్కన అగ్గిపెట్టెలతో చేసిన ట్యాంకర్ లారీలు బారులు తీరి ఉన్నాయి, అచ్చం మా రోడ్డు మీద ఉన్నట్టే.

“పండగ పూట ఇదేంటమ్మా అన్నారు ఒకరిద్దరు. పిల్ల ఏం చూసిందో అదే చేసింది. పై మెట్టు నుంచి దేవుళ్ళు కూడా చూడనీ అన్నాను” అంది పెద్దమ్మ.

ఆ పిల్ల చూసింది ఏమిటో మనలి, ఎన్నూరు వాళ్ళకు చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు చెన్నైని ముంచెత్తింది. ఆ వరదనీటిలో నూనె కలిసి, చిత్తూరు వైపు మనం కుశస్థలి అని పిలుచుకునే నదిలోకీ, ఎన్నూరు క్రీక్‌లోకీ పాకింది. జాలర్ల వలలు, పడవలు నల్లబడ్డాయి. గూడబాతుల ఈకలకు నూనె పట్టేసింది. పత్రికల్లో ఎంతో రాశారు, నేనూ చదివాను. కానీ అరచేతిలో పట్టే ఆ మట్టి పక్షి ముందు గొంతుక్కూర్చుని చూసినప్పుడు కలిగిన బాధ ఆ వార్తలు చదివినప్పుడు కలగలేదు. అలా ఎందుకు జరిగిందన్నది అప్పట్నుంచీ నా మనసులో తిరుగుతున్న ప్రశ్న. జవాబు కోసం బొమ్మలు చేసేవాళ్ళ పనితనం దగ్గరికి వెళ్ళాలి.

బొమ్మ చేయడం వచ్చంటే ఏది వదిలేయాలో తెలిసిందని అర్థం. కొండపల్లి తాటిచెట్టు బొమ్మ చూడండి. నిటారుగా ఒక కర్ర, పైన నాలుగు ఆకులు, మధ్యలో నడుముకు మోకు బిగించుకుని ఎక్కుతున్న గీత కార్మికుడు. ముఖంలో కళ్ళు, మీసం తప్ప పెద్దగా ఏమీ ఉండవు. అయినా ఆ నడుము వెనక్కి వంగిన తీరులోనే అతని కష్టం, భయంలేనితనం రెండూ తెలుస్తాయి. ఊళ్ళో అందరూ చూసే మనిషిని అరచేతి కొలతకు తెచ్చేటప్పుడు ఆ వంపు ఒక్కటీ పోకూడదని చేసినవాడికి తెలుసు.

ఆ పని ఎలా సాగుతుందో దగ్గరగా చూస్తే ఓపిక అంటే ఏమిటో తెలుస్తుంది. కొండపల్లి బొమ్మకు వాడేది తెల్ల పొణికి కర్ర. మెత్తగా, తేలిగ్గా ఉంటుంది. అందులో తడి పోయేదాకా సన్నని సెగ మీద ఆరబెడతారు. తడి మిగిలితే తర్వాత బొమ్మ బీటలు వారుతుంది. ఒళ్ళు వేరుగా, చేతులు వేరుగా, కాళ్ళు వేరుగా చెక్కుతారు. చింతగింజల పిండితో చేసిన జిగురులో రంపపు పొట్టు కలిపితే మక్కు తయారవుతుంది. దానితో భాగాలు అతికిస్తారు. ముక్కు, చీర కుచ్చెళ్ళ లాంటి సన్నని వివరాలను కూడా ఆ మక్కుతోనే దిద్దుతారు. ఆరాక ఆకురాయితో నునుపు చేసి, సున్నం పూత పూసి, ఆ తెలుపు మీద రంగులు వేస్తారు. ఒక్క ఏనుగు అంబారీ పూర్తి కావడానికి ఇన్ని చేతులు మారాలి.

ఏటికొప్పాక దారి వేరు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అంకుడు కర్రను లేతు మీద తిప్పుతారు. రంగు వేయడానికి కుంచె ఉండదు. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు ఆనిస్తారు. రాపిడికి పుట్టే వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. చెయ్యి ఎంతసేపు ఆనిందో, ఎంత గట్టిగా నొక్కిందో ఆ మెరుపులో కనిపిస్తుంది. మన అమ్మమ్మలు ఆడుకున్న లక్కపిడతలు ఇలాంటి పనితనం లోంచి వచ్చినవే. బుల్లి పొయ్యి, బుల్లి గిన్నె, బుల్లి రోలు పెట్టుకుని ఆడపిల్ల ఆడేది ఆటే. కానీ ఆ ఆటలో ఇంటి బరువు అంతా ఉంది. ఎవరు వండాలి, ఎవరికి ముందు పెట్టాలి, మిగిలింది ఎవరు తినాలి అన్నది పిల్లలు అక్కడే నేర్చుకునేవారు. ఇప్పుడు ఆ పిడతలను చూసి ఆ ప్రశ్నలు తిరగేసి అడగగలుగుతున్నాం.

ఏటికొప్పాకలో సి.వి.రాజు చేసిన పనిని కూడా ఈ కోవలోనే చూడాలి. బొమ్మ పసిపిల్ల నోట్లోకి వెళ్ళే వస్తువు కాబట్టి దాని మీద విషం ఉండకూడదని ఆయన పట్టుబట్టారు. రసాయన రంగులు వద్దని పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల లాంటి మొక్కల రంగులను లక్కలో కలిపే పద్ధతులను కళాకారులతో కలిసి అభివృద్ధి చేశారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే. పర్యావరణం గురించి ఉపన్యాసం ఇవ్వకుండా ఒక బొంగరం రంగుతోనే ఆ మాట చెప్పవచ్చని ఆ ఊరు చేసి చూపించింది.

చెన్నైలో కొలువు బొమ్మలకు పేరున్న చోటు పురసవాక్కం పక్కనున్న కొసపేట. కుమ్మర్ల చేతుల్లో మట్టి, కాగితపు గుజ్జు బొమ్మలవుతాయి. అచ్చు రెండు సగాలుగా ఉంటుంది. ముందు సగంలో ఒకటి, వెనక సగంలో ఒకటి ఒత్తి, అతికించి, నీడన ఆరబెట్టి, తెల్ల పూత పూసి రంగులు దిద్దుతారు. అచ్చు ఒకటే అయినా కనుబొమ మీద కుంచె తిరిగిన తీరును బట్టి ఒక లక్ష్మి నవ్వుతుంది, ఇంకో లక్ష్మి ఆలోచిస్తుంది. దసరా ముందు నెలల్లో వాన పడితే ఆరబెట్టిన సరుకంతా ప్రమాదంలో పడుతుంది. మెట్ల మీద నిశ్చింతగా కూర్చున్న ప్రతి బొమ్మ వెనుక ఒక కుటుంబం ఆకాశం వైపు చూసిన రోజులున్నాయి.

ఈ పనితనం విలువను ఆధునిక చిత్రకారుల్లో బాగా గుర్తించిన మనిషి కె.జి.సుబ్రహ్మణ్యన్. 1924లో కేరళలో పుట్టి, ఇదే మద్రాసులో ప్రెసిడెన్సీ కాలేజీలో అర్థశాస్త్రం చదివి, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్ళి, 1944లో శాంతినికేతన్ చేరారు. తర్వాత బరోడాలో పాఠాలు చెబుతూ అక్కడి ఫైన్ ఆర్ట్స్ మేళా కోసం విద్యార్థులతో కలిసి బొమ్మలు చేశారు. కర్ర ముక్కలు, పూసలు, తోలు ముక్కలు కలిపి జంతువులను పుట్టించారు. పెద్ద చిత్రకారుడు తీరిక వేళ చేసిన సరదా పనిగా వాటిని చూడకూడదు. బొమ్మ చేసే గ్రామ కళాకారుడి దగ్గర ఆయన నేర్చుకున్న పొదుపు ఆయన తీవ్రమైన పనుల్లోనూ కనిపిస్తుంది. 1971లో, బంగ్లాదేశ్ యుద్ధం నాటి నెత్తురు కళ్ళ ముందు ఉండగా, ఆయన సైన్యాధిపతులు ఇతివృత్తంగా కాల్చిన మట్టి ఫలకాలు చేశారు. మట్టిని పలచగా పరిచి, మడిచి, నొక్కి చేసిన ఆ మనుషులు గుడ్డబొమ్మల్లా మెత్తగా ఉంటారు. ఆ మెత్తదనమే భయపెడుతుంది. అధికారం చేతిలో మనిషి ఒళ్ళు ఎంత తేలిగ్గా నలిగిపోతుందో మట్టి మీది వేలిముద్రే చెబుతుంది.

ప్రపంచంలో మరికొందరు కూడా ఈ దారి పట్టారు. అమెరికా శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ 1926, 1931 మధ్య తీగలు, గుడ్డ, బెండుతో ఒక బుల్లి సర్కస్ చేసి, పెట్టెల్లో మోసుకెళ్ళి, నేల మీద కూర్చుని తానే ఆడించేవాడు. 1996లో పోలెండ్ కళాకారుడు జ్‌బిగ్నియెవ్ లిబెరా లెగో ముక్కలతో నిర్బంధ శిబిరం కట్టాడు. దుకాణంలో దొరికే సెట్టులాగే అట్టపెట్టెలు కూడా తయారుచేశాడు. పిల్లల చేతికి మనం ఏ ఊహలను అందిస్తున్నామన్న ప్రశ్న చూసినవాళ్ళను నిద్రపోనివ్వలేదు. మెక్సికోలో స్థిరపడిన బెల్జియం కళాకారుడు ఫ్రాన్సిస్ ఆలిస్ 1999 నుంచి దేశదేశాల పిల్లల ఆటలను చిత్రీకరిస్తున్నాడు. 2017లో ఇరాక్‌లోని మోసుల్‌లో తీసిన చిత్రంలో అబ్బాయిలు బంతి లేకుండా ఫుట్‌బాల్ ఆడతారు. తీవ్రవాదుల పాలనలో ఆ ఆటను నిషేధించారు. లేని బంతిని తంతారు, లేని బంతిని పట్టుకుంటారు, శిథిలాల మధ్య గోల్ కొట్టి ఎగురుతారు. ఆ చిత్రం చూశాక ఆటను చిన్న విషయం అనడానికి నోరు రాదు.

ఇదంతా మనకు కొత్త కాదు. తెలంగాణలో మందహెచ్చులవారు చేర్యాల నకాషీలు చేసిన బొమ్మలను పెట్టెలోంచి ఒక్కొక్కటే తీసి నిలబెడుతూ గొల్లలకు కాటమరాజు కథ చెప్పేవారు. యుద్ధం, వంశం, అవమానం, గౌరవం అన్నీ ఆ చేతి బొమ్మల మీదుగానే నడిచేవి. తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం మధ్య కేతిగాడు, బంగారక్క వచ్చి ఊళ్ళో ఎవరూ పైకి అనలేని మాటలు అనేసి పోయేవారు. బొమ్మ అన్నది కాబట్టి ఎవరికీ కోపం రాదు, కానీ అందరికీ తగులుతుంది. బొమ్మకు ఉన్న బలం ఇదే. అది మనల్ని భయపెట్టదు, అందుకే దగ్గరికి వెళతాం. దగ్గరికి వెళ్ళాక అది చెప్పేది వినకుండా రాలేం. నల్లబడిన నదిని మనలి ఒడ్డున నిలబడి చూసేటప్పుడు అది మన చేతికి అందనంత పెద్దది, నిట్టూర్చి వచ్చేస్తాం. అద్దం ముక్క మీద చూసినప్పుడు మాత్రం తుడవాలని చెయ్యి దానంతట అదే ముందుకు పోతుంది. ఆ పిల్ల చేసిన పక్షి ముందు నా చెయ్యి అలాగే కదిలింది.

కొలువు మెట్ల అమరికలోనూ ఈ తెలివి ఉంది. మూడు, అయిదు, ఏడు, తొమ్మిది అంటూ బేసి లెక్కలో కట్టే మెట్లకు పైన దేవతలు, కిందికి వచ్చేకొద్దీ మనుషులు. అన్నిటికంటే కింద మన ఊరు, మన వీధి, మన కాలం. పై మెట్లు తాతమ్మల నాటి నుంచి మారవు, మారనక్కర్లేదు. కింది చోటును మాత్రం పెద్దలు పిల్లలకు వదిలేశారు. ఏడాదికో కొత్త బొమ్మ కొనాలన్న ఆచారం కూడా అందుకేనని నాకనిపిస్తుంది. కొలువులోకి కాలం ప్రవేశించడానికి అది తలుపు.

పై మెట్టున నిలబడ్డ రాజారాణి కూడా ఈ కథకు బయటివాళ్ళు కారు. మన రాయలసీమ కొండల్లో తప్ప ప్రపంచంలో దాదాపు ఇంకెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనంతో చెక్కినవాళ్ళు. పెళ్ళి కూతురి వెంట పుట్టింటి నుంచి వచ్చే ఆ జంటను తర్వాత ఆమె బిడ్డ చేతికి ఆడుకోవడానికి ఇచ్చేవారు. ఇప్పుడు ఆ చెట్టు స్మగ్లర్ల గొడ్డలికీ, చట్టం కాపలాకీ మధ్య నిలబడి ఉంది. మెట్టు మీది జానెడు బొమ్మలో ఒక అడవి కష్టం ఉంది. తెల్ల పొణికి కూడా మునుపటంత సులువుగా దొరకడం లేదు. చెట్టు లేకపోతే కొండపల్లి లేదు. నది లేకపోతే గూడబాతు లేదు. బొమ్మల చేతిపని గురించి మాట్లాడేవాళ్ళు కొండల గురించి, నదుల గురించి మాట్లాడకుండా ఉండలేరు.

బొమ్మలు చేసేవాళ్ళను మనం ఇంకా కళాకారులుగా గుర్తించడం లేదన్నది నా బాధ. గ్యాలరీలో పెట్టిన బొమ్మకు ధర అడగడానికి సంకోచిస్తాం. ప్లాట్‌ఫాం మీద కూర్చున్న కుమ్మరి దగ్గర యాభై రూపాయల కోసం బేరమాడతాం. సుబ్రహ్మణ్యన్ అంతటి మనిషి ఆ చేతుల దగ్గర శిష్యరికం చేశారన్నది గుర్తుంటే బేరం నోట రాదు.

విజయదశమి రాత్రి పెద్దమ్మ ఆనవాయితీ ప్రకారం ఒక బొమ్మను పడుకోబెట్టి, మర్నాడు అన్నిటినీ పాత చీర ముక్కల్లో చుట్టి ట్రంకుపెట్టెలో సర్దింది. మట్టి గూడబాతును పారేయలేదు. రాజారాణి పక్కనే చోటిచ్చింది. మరుసటి ఏడాది కూడా అది మెట్లెక్కాలని.

మీ ఇంట్లోనూ ఈసారి కొలువు పెట్టేటప్పుడు రెండు పనులు చేయండి. చేతితో చేసిన బొమ్మ ఒక్కటైనా, చేసినవాళ్ళు అడిగిన ధరకే కొనండి. కింది మెట్టును పిల్లలకు పూర్తిగా వదిలేయండి. వాళ్ళు అక్కడ ఏం పెట్టినా తీసేయకండి. పక్కన కూర్చుని, ఇది ఏమిటమ్మా అని అడగండి.